పుట్టుకతో వచ్చే లోపాలు: తల్లి తప్పు ఎంత?



కాన్పు గదిలో బిడ్డ ఏడవగానే బయట బెంచీ మీద ఉన్న వాళ్ళందరూ లేచి నిలబడతారు. లోపల నర్సులం మేము బిడ్డను తుడిచి, వెచ్చగా చుట్టి, తల నుంచి పాదాల దాకా ఒకసారి చూస్తాం. నోట్లో వేలు పెట్టి అంగిలి తడుముతాం. బోర్లా తిప్పి వెన్ను చూస్తాం. మలద్వారం ఉందా, వేళ్ళు సరిగా ఉన్నాయా, పాదాలు నేరుగా ఉన్నాయా చూస్తాం. ఎక్కువసార్లు అన్నీ బాగానే ఉంటాయి. ఎప్పుడో ఒకసారి పై పెదవి చీలి ఉంటుంది. అప్పుడు తలుపు తీసి బయటికి వెళ్ళి ఆ మాట చెప్పాలి. ఇన్నేళ్ళుగా చేస్తున్నా ఆ నాలుగు అడుగులు మాకు బరువుగానే ఉంటాయి.

బయట వచ్చే మొదటి ప్రశ్న ఏమిటో మాకు ముందే తెలుసు. "గ్రహణం రోజున కత్తిపీట పట్టుకున్నావా? ఏం కోశావే?" అని పెద్దవాళ్ళు బాలింతను అడుగుతారు. ఆ పిల్ల అప్పుడే నొప్పులు పడి లేచింది. కళ్ళు మూసుకుని తొమ్మిది నెలలూ వెనక్కి వెతుక్కుంటుంది. వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. కూర తరగకుండా, బట్ట కత్తిరించకుండా తొమ్మిది నెలలు గడిపిన ఆడమనిషి ఎక్కడుంది?

మన భాషలోనే ఈ లోపానికి గ్రహణం మొర్రి అని పేరు. పేరే నేరాన్ని రాసి పెట్టింది. కనుక ముందు ఈ ఒక్క సంగతి తేల్చుకుందాం. కడుపులో బిడ్డ ముఖం కుడి నుంచీ ఎడమ నుంచీ పెరుగుతూ వచ్చి మధ్యలో కలుస్తుంది. గర్భం నిలిచిన తర్వాత ఆరేడు వారాలకల్లా పై పెదవి కలిసిపోతుంది. పది, పన్నెండు వారాలకు అంగిలి కూడా కలుస్తుంది. అలా కలవకపోతే చీలిక మిగిలిపోతుంది. అయిదో నెలలోనో ఏడో నెలలోనో వచ్చిన గ్రహణం, అప్పటికే కలిసిపోయిన పెదవిని విడదీయలేదు. 2010 జనవరి 15న, 2019 డిసెంబరు 26న మన ప్రాంతమంతా సూర్యగ్రహణం పాక్షికంగా కనిపించింది. ఆ రోజుల్లో మన జిల్లాల్లో ఎన్ని వేలమంది గర్భిణులు ఉండి ఉంటారో ఆలోచించండి. గ్రహణం ఉన్న ఏడాదీ లేని ఏడాదీ, గ్రహణం మాటే పట్టించుకోని దేశాల్లోనూ, సుమారు ఏడు వందల నుంచి వెయ్యి కాన్పులకు ఒక బిడ్డ ఈ చీలికతో పుడుతూనే ఉంది.

పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగిన సంగతి మన సంఘ కుటుంబాలకు బాగా తెలుసు. వచ్చిన జవాబు కూడా తెలుసు. అయినా వార్డులో మంచం పక్కన నిలబడ్డప్పుడు పాత ప్రశ్నే నోటికి వస్తుంది. అందుకే ఈ సంచికలో కాస్త వివరంగా రాస్తున్నాం.

ఎన్ని రకాలు?

నూరుమంది బిడ్డలు పుడితే వారిలో ఇద్దరు ముగ్గురికి చెప్పుకోదగిన లోపం ఏదో ఒకటి ఉంటుంది. ఏ దేశంలోనైనా లెక్క దాదాపు ఇంతే. చెవి దగ్గర చిన్న పులిపిరిలాంటి కండ, అరచేతిలో ఒకే గీత వంటివి చిన్న లోపాలు. వాటి వల్ల బతుక్కి ఇబ్బంది లేదు. అయితే అలాంటివి ఒకే బిడ్డలో మూడు నాలుగు కనిపిస్తే లోపల గుండెలోనో మూత్రపిండాల్లోనో మరేదైనా ఉందేమోనని డాక్టరుగారు పరీక్షలు రాస్తారు. అప్పుడు "చిన్నదానికి ఇన్ని టెస్టులా" అని విసుక్కోకండి.

పెద్ద లోపాలను అవి ఏర్పడిన తీరును బట్టి నాలుగు రకాలు చేస్తారు. మేము నర్సింగ్ విద్యార్థినులకు చెప్పేటప్పుడు రవిక కుట్టడంతో పోల్చి చెబుతాం. మొదటిది కత్తిరింపులోనే తేడా. అవయవం మొదటి నుంచీ సరిగా తయారు కాలేదు. గ్రహణం మొర్రి, గుండెలో రంధ్రం, వెన్ను మూసుకోకపోవడం ఇలాంటివి. రెండోది, రవిక బాగానే కుట్టారు గాని తర్వాత చిరిగింది. బిడ్డ చెయ్యి చక్కగానే ఏర్పడింది, ఉమ్మనీటి సంచి పొర పోగు ఒకటి దారంలా చుట్టుకుని వేళ్ళు తెగిపోయాయి. మూడోది, రవిక మంచిదే, ఇరుకు పెట్టెలో మడతపడి ఉంది. ఉమ్మనీరు తక్కువై, లేదా కవల పిల్లలై చోటు చాలక పాదం ఒక పక్కకు వంగడం ఇలాంటిది. ఇది చాలాసార్లు వ్యాయామంతో, కట్టుతో సరిపోతుంది. నాలుగోది బట్ట నేతలోనే లోపం. ఎముక కణజాలమే బలహీనంగా ఉండి పదేపదే విరిగే జబ్బు, ఎముకలు పొడుగు పెరగని మరుగుజ్జుతనం ఈ రకానివి.

ఇవి గాక పైకి కనిపించని లోపాలు ఉన్నాయి. బిడ్డ ముద్దుగా, నిండుగా ఉంటుంది. వినపడదు, లేదా థైరాయిడ్ గ్రంథి పనిచేయదు, లేదా తలసేమియా ఉంటుంది. మా అనుభవంలో ఎక్కువ నష్టం చేసేవి ఇవే. పెదవి చీలిన బిడ్డను రోజు తిరగకముందే పెద్దాసుపత్రికి తీసుకెళతారు. వినపడని బిడ్డను మాత్రం "వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అని మూడేళ్ళు ఇంట్లో ఉంచుతారు.

ఎందుకు వస్తాయి?

నిజం చెప్పాలంటే దాదాపు సగం మంది బిడ్డల విషయంలో ఇదీ కారణం అని వైద్యశాస్త్రం ఈ రోజుకీ వేలు పెట్టి చూపలేదు. చాలావాటిలో తల్లిదండ్రులిద్దరి జన్యువులు కొంత, గర్భంలోని పరిస్థితులు కొంత కలిసి పనిచేస్తాయి. గ్రహణం మొర్రి, గుండె రంధ్రాలు, వెన్ను లోపాలు ఎక్కువగా ఈ కోవలోకి వస్తాయి. తెలిసిన కారణాలను రెండు వైపులా పెట్టుకోవచ్చు: లోపలి నుంచి వచ్చేవి, బయటి నుంచి వచ్చేవి.

లోపలివి క్రోమోజోములు, జన్యువులకు సంబంధించినవి. మన ప్రతి కణంలో 46 క్రోమోజోములు ఉంటాయి. 21వ రకం క్రోమోజోము రెండు ఉండవలసింది మూడు ఉంటే అది డౌన్ సిండ్రోమ్. ఈ బిడ్డలను 1866లోనే లాంగ్‌డన్ డౌన్ అనే ఇంగ్లీషు డాక్టరు వర్ణించారు గాని, అదనపు క్రోమోజోము సంగతి ఫ్రాన్సులో 1959లో గాని తేలలేదు. తల్లి వయసు పెరిగే కొద్దీ ఇది ఎక్కువ. ఇరవై అయిదేళ్ళ తల్లికి సుమారు 1,250 కాన్పుల్లో ఒకటి, ముప్పై అయిదుకి 350లో ఒకటి, నలభైకి వందలో ఒకటి. ఈ లెక్క చూసి అన్నీ తల్లి మీదే పెట్టకండి. మరుగుజ్జుతనంలో ఎక్కువగా కనిపించే రకం, కుటుంబంలో అంతకుముందు లేకుండా కొత్తగా వచ్చినప్పుడు, తండ్రి వయసుతో ముడిపడి ఉంటుంది. తండ్రి వయసు మాత్రం మా బెంచీ మీద ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మేనరికాల గురించి మహిళా సమాజంలో ఎప్పుడు మాట్లాడినా ఎవరో ఒకరు లేచి "మాది మూడు తరాల మేనరికం, మా ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు" అంటారు. అది నిజమే. మేనత్త, మేనమామ పిల్లలు పెళ్ళి చేసుకుంటే లోపం వచ్చే అవకాశం నూటికి రెండు మూడు నుంచి అయిదారుకు పెరుగుతుంది. అంటే తొంభై నాలుగు మంది పిల్లలు బాగానే పుడతారు. ఇబ్బంది ఎక్కడంటే, మనందరిలో ఒకటి రెండు పాడైన జన్యువులు దాగి ఉంటాయి. వాటికి జతగా మంచి జన్యువు ఉండడం వల్ల మనకేమీ కాదు. ఒకే తాత, నాయనమ్మల నుంచి వచ్చిన అదే పాడు జన్యువు భార్యాభర్తలిద్దరిలోనూ ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకు జబ్బు రావడానికి ఉంటుంది. మొదటి బిడ్డకు వచ్చింది గదా, ఇక మిగతా ముగ్గురికీ రాదు అనుకోవడం తప్పు. ప్రతి కాన్పుకీ లెక్క మళ్ళీ మొదటి నుంచే. సొంత మేనమామకు పిల్లనివ్వడంలో రక్తం ఇంకా దగ్గర, కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇప్పటికే మేనరికం చేసుకున్న దంపతులు భయపడి కూర్చోవద్దు. కుటుంబంలో చెవుడు, బుద్ధిమాంద్యం, పసిపిల్లల మరణాలు ఉంటే గర్భం రాకముందే జన్యు వైద్యులను కలవండి. హైదరాబాదు నిమ్స్‌లో దీనికి ప్రత్యేక విభాగం ఉంది.

బయటి కారణాల్లో మందుల సంగతి ముందు చెప్పాలి. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మాత్ర అమ్మకానికి వచ్చింది. నిద్రకు, గర్భిణుల వేవిళ్ళకు చాలా మంచిదని వాడారు. గర్భం నిలిచిన మూడు నుంచి అయిదు వారాల మధ్య ఆ మాత్ర వేసుకున్న తల్లుల బిడ్డలు చేతులు, కాళ్ళు సరిగా ఏర్పడకుండా పుట్టారు. 1961 నవంబరులో జర్మనీలో దాన్ని ఆపేసేసరికి, ప్రపంచం మొత్తం మీద పది వేలమందికి పైగా పిల్లలకు అప్పటికే హాని జరిగిపోయింది. అమెరికాలో మందుల అనుమతి చూసే ఫ్రాన్సెస్ కెల్సీ అనే డాక్టరమ్మ, రుజువులు చాలవని ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. ఆమె పట్టుదల వల్ల ఆ దేశంలో ఎన్నో కుటుంబాలు బయటపడ్డాయి. ఆ మందు ఈనాటికీ కుష్ఠువ్యాధి రియాక్షన్‌కూ, ఒక రకం రక్త క్యాన్సర్‌కూ గట్టి జాగ్రత్తలతో వాడుతున్నారు. బ్రెజిల్‌లో కుష్ఠు రోగులకిచ్చిన మాత్రలు ఇంట్లో ఇంకొకరు వేసుకోవడం వల్ల తర్వాతి కాలంలోనూ అటువంటి బిడ్డలు పుట్టారు. ఒకరి చీటీ మందు మరొకరు మింగవద్దని మేము ఓపీలో పదేపదే అరిచేది ఇందుకే.

ఇంకా కొన్ని ఉన్నాయి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్, రక్తం పలచబడటానికి వాడే వార్‌ఫరిన్, కీళ్ళకూ సోరియాసిస్‌కూ ఇచ్చే మెథోట్రెక్సేట్. ఇవి వాడుతున్న అమ్మాయి పెళ్ళి కుదిరినప్పుడే డాక్టరుగారికి చెప్పాలి. మూర్ఛ సంగతి అత్తవారింట్లో దాచిపెట్టి, మాత్రలు పుట్టింట్లో వదిలి వెళ్ళిన పిల్లలను చూశాం. అలా ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ వచ్చి తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి వస్తుంది. మందు మార్చేది డాక్టరు, మీరు కాదు. ఇక సారా, బ్రాందీ, కల్లు ఏదైనా సరే, గర్భిణికి ఇంత తాగితే ఫరవాలేదన్న కొలత ఏదీ లేదు.

అంటువ్యాధుల్లో ముఖ్యమైనది రుబెల్లా. తల్లికి రెండు మూడు రోజులు ఒంటి మీద ఎర్రని పొక్కు, కాస్త జ్వరం, అంతే. మొదటి మూడు నెలల్లో వస్తే బిడ్డకు కళ్ళలో శుక్లాలు, చెవుడు, గుండె జబ్బు. 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు, తన దగ్గరికి శుక్లాలతో ఇంతమంది పసిబిడ్డలు ఎందుకు వస్తున్నారని ఆలోచించి ఈ సంగతి పట్టుకున్నారు. మన దేశంలో 2017 నుంచి తట్టు టీకాతో కలిపి రుబెల్లా టీకా ఇస్తున్నారు. తొమ్మిది నెలలు నిండగానే ఒకటి, ఏడాదిన్నర వయసులో ఒకటి. టీకా పడని ఆడపిల్లలు పెళ్ళికి ముందు వేయించుకోవచ్చు. వేసుకున్నాక ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి, గర్భిణికి మాత్రం వేయకూడదు.

తల్లికి ముందే షుగరు ఉండి అదుపులో లేకపోతే బిడ్డ గుండెకు, వెన్నుకు లోపాలు రావడం కొన్ని రెట్లు ఎక్కువ. ఈ రోజుల్లో ఇరవై ఎనిమిదేళ్ళకే షుగరు చూస్తున్నాం కాబట్టి దీన్ని పెద్దవాళ్ళ జబ్బు అనుకోవద్దు.

ఆలస్యంగా ఇస్తున్న మాత్ర

ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తు పెట్టుకుంటామంటే ఇది గుర్తు పెట్టుకోండి. బిడ్డ మెదడు, వెన్నుపాము మొదట ఒక గొట్టంలా ఏర్పడి మూసుకుంటాయి. గర్భం నిలిచిన 28 రోజులకల్లా ఆ పని అయిపోతుంది. అంటే నెల తప్పిన తర్వాత కేవలం రెండు వారాలు. కింది భాగం మూసుకోకపోతే వీపు మీద నీటి బుగ్గలా ఉబ్బి కాళ్ళు చచ్చుబడతాయి, మలమూత్రాల మీద అదుపు పోతుంది, చాలామందికి తలలో నీరు చేరుతుంది. పై భాగం మూసుకోకపోతే పుర్రె, మెదడు సరిగా ఏర్పడవు, ఆ బిడ్డ బతకదు.

దీన్ని చాలావరకు ఆపగలిగేది ఫోలిక్ యాసిడ్ అనే చవకైన విటమిన్ మాత్ర. బ్రిటన్‌లోని మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాల్లో 33 ఆసుపత్రుల్లో, అంతకుముందు ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు ఈ మాత్ర ఇచ్చి చూసింది. 1991లో ఫలితం ప్రకటించారు. మళ్ళీ అదే లోపం రావడం 72 శాతం తగ్గింది.

మరి మన దగ్గర ఏం జరుగుతోంది? కొత్త కోడలు నెల తప్పితే ఎవరికీ చెప్పరు. మూడో నెల నిండాక చూపిద్దామంటారు. దిష్టి తగులుతుందని భయం. మూడో నెలలో వచ్చిన అమ్మాయికి మేము కార్డు రాసి, ఫోలిక్ యాసిడ్ చేతిలో పెడతాం. రక్తం పట్టడానికి అప్పుడు కూడా అది అవసరమే. వెన్ను విషయంలో మాత్రం ఆ తలుపు అప్పటికి కొన్ని వారాల కిందటే మూసుకుపోయింది. మా వార్డులో వీపు మీద బుగ్గతో పుట్టిన బిడ్డల తల్లులను అడిగితే, "మాత్రలు వేసుకున్నాను సిస్టరుగారూ, ఒక్క రోజు మానలేదు" అని చెప్పినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు చెప్పింది నిజం. మాత్ర చేరిన రోజు ఆలస్యం.

కాబట్టి పిల్లలు కావాలనుకున్న దంపతుల్లో భార్య గర్భం రాకముందే, కనీసం ఒక నెల ముందు నుంచి, రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి మూడో నెల నిండేదాకా వేసుకోవాలి. మన షాపుల్లో ఎక్కువగా దొరికేది 5 మిల్లీగ్రాములది. అది ముందు అలాంటి బిడ్డ పుట్టినవాళ్ళకు, మూర్ఛ మందులు వాడేవాళ్ళకు, షుగరు ఉన్నవాళ్ళకు డాక్టరుగారు రాసే మోతాదు. మీకేది కావాలో అడిగి తీసుకోండి. తోటకూర, పాలకూర, శనగలు, పెసలు తప్పకుండా తినండి, అయితే వండితే ఫోలిక్ యాసిడ్ కొంత పోతుంది గనుక కూరే చాలునని మాత్ర మానకండి. పెళ్ళి చీర కొనేటప్పుడే ఈ మాత్ర కూడా కొనమని మేము అత్తగార్లకు చెబుతున్నాం. వాళ్ళు నవ్వుతారు. నవ్వినా ఫరవాలేదు, కొంటే చాలు.

పుట్టిన తర్వాత

గర్భంలో ఉండగా 18 నుంచి 20 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌లో చాలా లోపాలు కనిపిస్తాయి, అన్నీ కనిపించవు. "స్కాన్‌లో బాగుందన్నారు గదా" అని పుట్టాక చేసే పరీక్షలు మానుకోవద్దు. బిడ్డకు ఒక రోజు నిండాక చేతికీ పాదానికీ పెట్టే చిన్న సెన్సర్‌తో ఆక్సిజన్ చూస్తే కొన్ని తీవ్రమైన గుండె జబ్బులు తెలుస్తాయి. మూడో రోజు ప్రాంతంలో మడమ నుంచి తీసే రక్తపు చుక్కతో థైరాయిడ్ లోపం తెలుస్తుంది. రెండు వారాల లోపల మందు మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలా చదువుకుంటుంది. ఆరు నెలలు ఆలస్యమైతే పోయిన తెలివి తిరిగి రాదు. వినికిడి పరీక్ష మొదటి నెలలోనే చేయించాలి. పాదాలు లోపలికి తిరిగి ఉంటే మొదటి వారాల్లోనే పొన్‌సెటి పద్ధతిలో వారం వారం సిమెంటు కట్టు మార్చుతూ సరిచేస్తారు. కట్లు తీశాక వేసే బూట్లు మూడు నెలలు రోజంతా, తర్వాత నాలుగేళ్ళు వచ్చేదాకా రాత్రిపూట వేయాలి. బిడ్డ ఏడుస్తోందని బూట్లు అటక మీద పెడితే పాదం మళ్ళీ తిరుగుతుంది. వీపు మీద బుగ్గతో పుట్టిన బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టకండి. బుగ్గ మీద పసుపు, ఆకు పసరు పూయకండి. సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డ కప్పి, పక్కకు తిప్పి, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట అంగిలి కూడా చీలిన ఒక ఆడబిడ్డ పుట్టింది. వార్డు నిండా జనం. ఆపరేషను ఎప్పుడు, ఎక్కడ అని అన్నీ చెప్పాం. పాలు పట్టడం ఎలాగో తల్లి చేత ఒక్కసారైనా చేయించి చూడకుండా ఇంటికి పంపాం. నెల తర్వాత ఆ బిడ్డ పుట్టినప్పటి కన్నా తక్కువ బరువుతో వచ్చింది. రొమ్ము పట్టలేదు, పాలు ముక్కులోంచి వచ్చేవి, భయపడి తల్లి చెంచా నీళ్ళతో సరిపెట్టింది. ఆపరేషను తేదీ చేతిలోనే ఉంది, ఆపరేషనుకు తగ్గ బరువు లేదు. ఆ బిడ్డ నిలబడడానికి మూడు నెలలు పట్టింది. అప్పటి నుంచి అంగిలి చీలిన బిడ్డ తల్లిని, ఆమె తన చేతులతో మా ముందు నాలుగుసార్లు పాలు పట్టేదాకా ఇంటికి పంపడం లేదు.

పద్ధతి కష్టం కాదు. తల్లిపాలు శుభ్రమైన గిన్నెలోకి పిండి, బిడ్డను ఒళ్ళో దాదాపు నిటారుగా కూర్చోబెట్టి, ఉగ్గుగిన్నె ముక్కును పెదవి పక్కన ఆనించి కొద్దికొద్దిగా పోయాలి. మింగాక మళ్ళీ పోయాలి. మధ్యమధ్య భుజాన వేసుకుని తేనుపు రానివ్వాలి. పట్టిన తర్వాత కాసేపు ఎత్తుకునే ఉండాలి. ప్రతి వారం తూకం చూపించాలి. పెదవికి సుమారు మూడో నెలలో, అంగిలికి తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఆపరేషను చేస్తారు. స్మైల్ ట్రైన్ సంస్థ సాయంతో మన దేశంలో చాలా ఆసుపత్రులు దీన్ని ఉచితంగా చేస్తున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద గ్రహణం మొర్రి, వంకర పాదాలు, గుండె జబ్బు, పుట్టు శుక్లాలు, చెవుడు వంటివాటికి పిల్లలను గుర్తించి పంపుతారు. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి.

తరచుగా వచ్చే చివరి ప్రశ్న: మళ్ళీ బిడ్డకు కూడా వస్తుందా? తల్లిదండ్రులకు లోపం లేకుండా ఒక బిడ్డకు గ్రహణం మొర్రి గాని వెన్ను లోపం గాని ఉంటే, తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం సుమారుగా నూటికి రెండు నుంచి అయిదు. ఇతర జబ్బులకు లెక్క వేరుగా ఉంటుంది, అందుకే గర్భం రాకముందే ఒకసారి రమ్మంటున్నాం. వచ్చేటప్పుడు మొదటి బిడ్డ కాగితాలు, స్కాన్ రిపోర్టులు, ఇంట్లో వాడుతున్న మందుల చీటీలు తెచ్చుకోండి. భర్త కూడా వెంట రావాలి. అతని వయసు, అతని వైపు బంధువుల జబ్బులు కూడా మేము కార్డులో రాసుకుంటాం.